కోట పాడుకున్న రోజు

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ ఇంట్లో కోట ఆట ఆడేవాళ్ళు. అట్ట పరిచి, రాజుల బొమ్మల బిళ్ళలు పంచుకుని, పొలంలో గోధుమలు, అడవిలో కలప, గనిలో రాళ్ళు కూడబెట్టాలి. వాటితో వేలంలో బురుజులు, చివరికి కోట పాడుకోవాలి. గెలిచిన గోధుమలు వంటింటి డబ్బాలోకి వచ్చేవి, రాళ్ళు పెరట్లో పడేవి. "ఆడేది మీరు, ఊడ్చేది నేను," అని అమ్మ సణిగేది. సరుకు అయిపోతే ఒంట్లోది ఏదైనా పాడొచ్చు. నాన్న ఒకసారి గుర్రపుశాల కోసం జుట్టు పాడి, అప్పట్నుంచి బట్టతలతో తిరుగుతున్నాడు.

ఆయన దర్జీ. చూపు మందగించింది. "ఇవాళ కోట ఎవరు పాడుకుంటే షాపు వాళ్ళది," అన్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా అక్కడ కుట్టింది అక్కే. మనిషి గుమ్మంలోకి రాగానే టేపు ముట్టకుండా భుజం, నడుము చెప్పేసేది. తమ్ముడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. కానీ ఎదుటివాళ్ళ పాట పెంచి, చివర్లో తప్పుకోవడమంటే వాడికి మహా సరదా.

కోట వేలానికి వచ్చేసరికి ఇద్దరి దగ్గరా సరుకంతా అయిపోయింది.

"నా నిద్ర," అన్నాడు తమ్ముడు.

జడ అందామనుకుంది అక్క. నిద్ర ముందు అది ఆనదేమోనని భయపడింది. "నా కొలత," అంది.

తమ్ముడు చేతులెత్తేశాడు. నాన్న తాళాలు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు.

సోమవారం మొదటి బేరంగా ఒకావిడ వచ్చింది. అక్క ఎంతసేపు చూసినా ఒక్క అంకె కూడా తోచలేదు. టేపు చుట్టి చదివింది. గుడ్డ దగ్గరికి వెళ్ళేసరికి మర్చిపోయింది. మూడుసార్లు కొలిచాక ఆవిడ విసుక్కుని గుడ్డ తీసుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం తమ్ముడు వచ్చి సంగతి విని నొచ్చుకున్నాడు.

"జడ అన్నా వదిలేసేవాణ్ణి కదక్కా! నాకెందుకు ఈ షాపు? ఏదో అలవాటుకొద్దీ పెంచాను."

అక్కకి ఏడుపు రాలేదు. ఒళ్ళు మండిపోయింది. టేపు తెచ్చి వాడి చేతిలో పెట్టింది.

"రేపట్నుంచి తొమ్మిదింటికల్లా రా. నువ్వు కొలిచి చదువుతుంటే నేను కత్తిరిస్తాను."

"ఎన్నాళ్ళు?"

"షాపు ఉన్నన్నాళ్ళు."

పదకొండేళ్ళయింది. వాడు ఆ స్టూలు మీదే ఉన్నాడు. వేరే మాటలేవీ లేవు ఇద్దరికీ.

"ముప్పై ఆరు," అంటాడు తమ్ముడు.

"మళ్ళీ చెప్పు," అంటుంది అక్క.