మౌస్ ముట్టుకోకూడదు

"ఇలా రా, ఇదేదో పోయింది" అని మా ఆయన ముందుగదిలోంచి పిలిచాడు. నేను స్టౌ తుడుస్తున్నాను. ఆయనకి పోయేవి రోజుకి ఐదారుంటాయి. కళ్ళజోడు, జేబురుమాలు, కంప్యూటర్‌లో తెరిచిన కాగితం. ఏదీ నిజంగా పోదు. కళ్ళజోడు నెత్తిమీదే ఉంటుంది, కాగితం తెర అడుగున చిన్న గడిలో నక్కి ఉంటుంది. నేను చెయ్యి తుడుచుకుంటూ వెళ్ళి, ఆయన దగ్గర్నుంచి మౌస్ తీసుకుని, ఒక్క నొక్కు నొక్కి వచ్చేస్తాను. ఆయన అప్పటికే ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. పదహారేళ్ళుగా ఇంతే. ఆయన తప్పు చేశాడన్న సంగతి ఆయనకి తెలిసేలోపే దాన్ని సర్దెయ్యడం నా ఉద్యోగం. జీతం లేదు గానీ పర్మనెంటు.

ఆ ఉద్యోగమే నా మెడకి చుట్టుకుంటుందని నేననుకోలేదు. నలభై ఒకటో ఏట హైస్కూలు కంప్యూటర్ టీచరు ట్రైనింగులో చేరాను. ఆ వార్త విని ఆయన, పిల్లలు నన్ను టీచరనుకుంటారా, ఎవరి అమ్మమ్మో దారితప్పి వచ్చిందనుకుంటారా అన్నాడు. అత్తగారు నవ్వలేదు, ఇకమీద వంట ఎన్నింటికవుతుందో మాత్రం కనుక్కుంది. రాత పరీక్షలన్నీ గట్టెక్కాను. ప్రాక్టీసు పాఠం దగ్గరే రెండుసార్లు బోల్తా పడ్డాను. మా ట్రైనింగ్ మేడం పెట్టిన నియమం ఒకటుంది. పిల్ల ఎంత తంటాలు పడినా టీచరు ఆ పిల్ల మౌస్ ముట్టుకోకూడదు, కీబోర్డు మీద వేలు పెట్టకూడదు. అడగాలి. మళ్ళీ అడగాలి. అప్పటికీ వినకపోతే, చేసిన తప్పు ఏమవుతుందో పిల్లనే చూడనివ్వాలి. నేనేమో ఎవరి తెరమీద తప్పు కనిపించినా ఒక్క అంగలో వెళ్ళి సరిచేసి, ఆ పిల్ల తలెత్తేసరికి పక్క బల్ల దగ్గరుంటాను. మొదటిసారి నేను ముట్టుకున్నప్పుడల్లా మేడం కాగితం మీద గీత గీసింది. పదిహేడు. రెండోసారి పదకొండు. "నువ్వు పాఠం చెప్పట్లేదమ్మా, క్లాసంతా సర్దుతున్నావు" అంది. మూడోసారే ఆఖరు, శుక్రవారం. ఒక్క గీత పడినా రెండేళ్ళ చదువు మట్టిలో కలిసినట్టే.

అందుకని ఇంట్లోనే సాధన మొదలుపెట్టాను. ఈసారి ఆయన పిలవగానే స్టౌ వదిలేసి, చేతులు వెనక్కి కట్టుకుని ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. పోకముందు ఏం చేశారని అడిగాను. ఏమీ చెయ్యలేదన్నాడు. ఏమీ చెయ్యకపోతే ఎలా పోయుంటుందని అడిగాను. ఆయన నన్ను పోలీసుని చూసినట్టు చూశాడు. పన్నెండేళ్ళుగా ఆఫీసులో దీనితోనే బతుకుతున్నానని, తనకే పాఠాలా అని కసిరాడు. ఆ ఆఫీసు ఉత్తరాలన్నీ ఎవరు టైపు చేస్తున్నారన్న మాట నా గొంతుదాకా వచ్చింది, మింగేశాను. ఇరవై నిమిషాలకి ఆ చిన్న గడి ఆయనే కనిపెట్టి, దాన్ని తనే తయారుచేసినంత గర్వపడ్డాడు. అత్తగారు గుమ్మంలోంచి ఇదంతా చూసి, చేతులు నొప్పా, పొగరా అని అడిగింది. ట్రైనింగన్నాను.

"మొగుడు అడిగిన పని చెయ్యకుండా ఉండటానిక్కూడా ట్రైనింగిస్తున్నారా?" అంది. ఆ గొంతులో తిట్టుకంటే ఆరా ఎక్కువ వినిపించింది నాకు.

శుక్రవారం, ఎనిమిదో తరగతి. ఒకటి నుంచి పది దాకా అంకెలు వేసే ప్రోగ్రాం రాయించాలి. మేడం పెన్సిలు చెక్కుకుని వెనక బల్ల దగ్గర కూర్చుంది. పావుగంట గడిచినా గీత పడలేదు. అప్పుడు మొదలైంది, కళ్ళజోడు పిల్ల తెరమీద ఒకటి, ఒకటి, ఒకటి అని ఆగకుండా ఒకట్ల వాన. నాలుగడుగుల దూరం నుంచే నాకు తెలిసిపోయింది, ప్రతిసారీ ఒకటి కలపమనే వరస రాయలేదు. పది సెకన్ల పని. నా కుడిచెయ్యి నన్నడక్కుండానే లేచింది. పారిపోతున్న కోడిని పట్టుకున్నట్టు దాన్ని ఎడమచేత్తో పట్టుకున్నాను. తెరమీద ఏం రావాలనుకున్నావని అడిగాను. రెండు అంది. మరి రెండెందుకు రాలేదంటావన్నాను. పిల్ల తను రాసిన వరసలమీద వేలు పెట్టి పైనుంచి చదవడం మొదలుపెట్టింది. ఆరు నిమిషాలు చదివింది. నా జాకెట్టు తడిసిపోయింది.

"ఒకటి కలపమని నేను చెప్పలేదు టీచర్" అంది ఆఖరికి. "చెప్పకపోతే దానికెలా తెలుస్తుంది?"

నిజమే, చెప్పనిది ఏ యంత్రమూ చెయ్యదు. చెప్పనివి కూడా చేసే యంత్రం ఆ గదిలో నేనొక్కదాన్నే. వాన వాసన రాగానే తీగమీద బట్టలు తీసేది, అత్తగారి మాత్రలు అయిపోకముందే తెచ్చేది, ఆయన చొక్కా గుండీ వదులైందని ఆయనకంటే ముందు తెలుసుకునేది ఆ యంత్రమే. ఇన్నేళ్ళూ దాన్ని నేను ప్రేమనుకున్నాను. ఆయన కరెంటనుకున్నాడు. పోయినప్పుడే గుర్తొస్తుంది.

పిల్ల ఆ వరస రాసింది. అంకెలు పది దాకా వచ్చి బుద్ధిగా ఆగాయి. మేడం ఖాళీ కాగితాన్ని నా చేతిలో పెట్టి, సోమవారం నుంచి ఎనిమిదింటికల్లా వచ్చి క్లాసులు తీసుకోమంది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన మంచి హుషారుగా ఉన్నాడు. ప్రమోషన్‌కి దరఖాస్తు తనే రాసుకున్నాడట, నా సాయం లేకుండా. చూడమన్నాడు. చూశాను. పాత ఉత్తరం ఒకటి తెరిచి పైనుంచి మార్చుకుంటూ వచ్చాడు. నిజాయితీ, అనుభవం, క్రమశిక్షణ, అన్నీ అందంగా ఉన్నాయి. ఆ పాత ఉత్తరం రెండేళ్ళ కిందట నేను టైపు చేసిందే. దాని ఆఖరి పేరా చెక్కుచెదరకుండా అడుగునే ఉంది: విరేచనాల కారణంగా సోమవారం నుంచి నాలుగు రోజులు సెలవు ఇప్పించగలరు.

మౌస్ నా వేళ్ళకి జానెడు దూరంలో ఉంది.

"పంపేముందు కిందదాకా చదివారా?" అని అడిగాను.

"చదవకుండా ఉంటానా?"

"ఇంకోసారి చదువుతారా?"

"అమ్మా, విన్నావా? ఇలా పాసైందో లేదో అప్పుడే నాకు పరీక్షలు పెడుతోంది" అన్నాడు లోపలికి వినపడేలా.

"సరే అయితే, పంపండి" అన్నాను.

పంపాడు. గంటలో జవాబొచ్చింది. పై అధికారి ఉత్తరాలు కిందనుంచి చదువుతాడు కాబోలు, ప్రమోషన్ ఊసే ఎత్తలేదు. సెలవు మంజూరు చేసి, మంచినీళ్ళు బాగా తాగమన్నాడు.

సోమవారం ఏడింటికి నేను చెప్పులేసుకుంటుంటే ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, అమ్మకి టీ ఎవరు పెడతారని అడిగాడు. ఎవరు పెట్టగలరని మీరనుకుంటున్నారని అడిగి, మెట్లు దిగాను. ఆలోచించుకోవడానికి ఆయనకి నాలుగు రోజులు టైముంది.