కొయ్య కింద నాణెం

మా యజమాని లీలాండ్ ఉన్నప్పుడు, మేం పడవలు చేసే షెడ్డులోని దేవదారు పొట్టు వాసన రోడ్డు మలుపు దాకా వచ్చేది. ఇప్పుడక్కడ ఎవరో కార్లు పెట్టుకుంటున్నారు. అటు వెళ్లినప్పుడల్లా నాకు ఆ కోర్టు రోజు గుర్తొస్తుంది.

మిస్సోరి నుంచి కెచమ్ అనే ఆయన తెరచాప పడవ చేయించుకుని, అంతా అయ్యాక పడవ వద్దు, మిగతా డబ్బివ్వనన్నాడు. ఆ చలికాలంలోనే లీలాండ్ పోయాడు. పడవ షెడ్డు నిండా ఉంది. అది కదిలితే గాని ఇంకో పని పట్టలేం. లీలాండ్ కూతురు హెస్టర్ దావా వేసింది. కెచమ్ లాయరు మాత్రం, బేరమంతా ఫోన్లోనే జరిగింది, మా కక్షిదారుకు మీ మేయిన్ రాష్ట్రంతో ఏ సంబంధమూ లేదు, వేసుకుంటే మిస్సోరిలో వేసుకోండి అన్నాడు. అంత దూరం పోయి కొట్లాడితే షెడ్డు మూసుకోవాల్సిందే.

"కెచమ్ ఎప్పుడైనా ఇక్కడికొచ్చాడా ఎల్డన్?" అని నన్నడిగింది హెస్టర్.

"వచ్చాడు."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం పెద్దాయనా! నోట్లో మేకులు పెట్టుకుని తిరుగుతున్నావా?"

"అడగలేదుగా."

కోర్టులో సాక్షి బోనెక్కాక కెచమ్ లాయరు నా ముందుకొచ్చాడు. "చేపలు పట్టడానికి వచ్చి, దారిలో ఓసారి తొంగిచూసి ఉంటాడు. అది వ్యాపారమా?"

"తెరచాప కట్టే కొయ్య పొట్టిగా ఉందన్నాడు. ఆయన చెప్పినట్టే పొడుగుది చేశాం. అది నిలబెట్టే రోజు మళ్లీ వచ్చాడు. మా ఆనవాయితీ ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని, కొయ్య కింద పావు డాలరు పెట్టాడు."

వెనక కుర్చీ కిర్రుమంది. కెచమ్ లేచాడు.

"పావు డాలరేంటయ్యా! అర డాలరు! మా అమ్మ దాచుకున్నది!"

లాయరు గబగబా వెళ్లి కెచమ్ కోటు పట్టుకుని లాగాడు. జడ్జిగారు కళ్లద్దాలు తీశారు.

"అయితే వచ్చారన్నమాట."

"వచ్చాను. వాన పడుతోంది. లీలాండ్ తన కోటు నాకిచ్చి తను తడిశాడు." కెచమ్ కూర్చున్నాడు.

కేసు ఇక్కడే నడుస్తుందన్నారు జడ్జిగారు. హెస్టర్ నా మోచేయి పట్టుకుని ఊపింది. నాణెం సంగతి నేను నిజంగానే పొరబడ్డాను.

మెట్ల మీద కెచమ్ నా దగ్గరికొచ్చాడు.

"లీలాండ్ పోయాడని నాకెవరూ చెప్పలేదు. నాతో ఒక్క మాటైనా అనకుండా ఆయనే దావా వేయించాడనుకున్నాను; లేడని తెలిస్తే లాయరు దాకా వెళ్లేవాణ్ణి కాదు. నాణెం ఉందా?"

"ఉంది."

"చూడొచ్చా?"

"చూడాలంటే కొయ్య ఎత్తాలి. ఎత్తను."

ఆయన నవ్వాడు. ఆ వేసవిలోనే బాకీ కట్టేసి, లారీ తెచ్చుకుని పడవ పట్టుకెళ్లాడు. షెడ్డు ఖాళీ అయిన రోజు నేల ఊడుస్తుంటే మళ్లీ దేవదారు వాసన వచ్చింది. హెస్టర్ కొత్త పడవకు చెక్క దింపించింది.