ఆరు నెలల పరీక్ష

ఆ రోజు ఆసుపత్రి మూటలు మూడు వ్యాన్లు ఎక్కువ వచ్చాయి. ఊళ్ళో ఏదో కడుపు జాడ్యం పట్టుకుందని డ్రైవరు చెప్పి, ముక్కు మూసుకుని మూటలు గుమ్మంలో పడేసి పోయాడు. మధ్యాహ్నం రెండయినా మురికి గదిలో తొమ్మిదిమంది ఆడవాళ్ళలో ఒక్కరూ తిండి ముట్టలేదు. ముట్టబుద్ధి కాలేదు కూడా.

పెద్దక్క మూట ముడి విప్పి దుప్పటి దులిపింది. నెత్తురు మరకలవి ఒక తొట్టిలోకి, మలం అంటినవి ఇంకో తొట్టిలోకి, ఉత్త చెమటవి మూడో తొట్టిలోకి. పదకొండేళ్ళుగా అదే పని. కుడిచేతి తొడుగు బొటనవేలి దగ్గర చిరిగి, లోపలికి తడి దిగుతోంది. నెలకి రెండు జతలే కంపెనీ ఇస్తుంది. మూడో జత కావాలంటే సగం రోజు కూలి కోస్తారు. నెలాఖరుకి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆమె చిరుగుని గుడ్డపీలికతో కట్టుకుని ఇంకో మూట లాక్కుంది.

ఆ లాండ్రీలో రెండు గదులు. మురికి గదిలో విప్పి, వేరు చేసి, ఉతుకుతారు. ఇస్త్రీ గదిలో ఆరిన వాటిని మరమీద నొక్కి, మడతపెట్టి, కాగితం చుడతారు. రెండు గదుల వాళ్ళూ పొట్ట చేత పట్టుకుని సరిహద్దు దాటి వచ్చినవాళ్ళే. రేవులో దిగిన రోజున ఏజెంటు అందరినీ ఒక వరసలో నిలబెట్టి మొహాలు చూశాడు. కాస్త తెల్లగా ఉన్నవాళ్ళని ఎడమ పక్కకి, నల్లగా ఉన్నవాళ్ళని కుడి పక్కకి పంపాడు. చదువు అడగలేదు, చేతనైన పని అడగలేదు. ఎడమ పక్కవాళ్ళు కాగితాల మీద 'పనివచ్చినవాళ్ళు' అయ్యారు, కుడి పక్కవాళ్ళు 'పనిరానివాళ్ళు' అయ్యారు. అక్కడ రోజుకి అరవై, ఇక్కడ నలభై.

అంతకంటే పెద్ద తేడా పర్మిట్టులో ఉంది. ఇస్త్రీ గది వాళ్ళది ఐదేళ్ళ పర్మిట్టు. ఐదేళ్ళూ నిండితే ఈ దేశంలో ఉండిపోవచ్చు, పెళ్ళి చేసుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. మురికి గది వాళ్ళది ఏడాది పర్మిట్టు. ఏడాది నిండగానే కొత్తది రాస్తారు, లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది. పెద్దక్క పదకొండేళ్ళుగా ఈ దేశానికి నిన్న వచ్చిన మనిషే.

పెద్దక్క అన్నది మురికి గది వాళ్ళు పిలిచే పిలుపు. ఇస్త్రీ గదిలో ఆమె పేరు బొగ్గు. పేర్లు పెట్టడంలో మురికి గదివాళ్ళూ తక్కువ తినలేదు. ఇస్త్రీ గదిలో అందరికంటే తెల్లగా, అందరికంటే మిడిసిపడుతూ ఉండే పిల్లకి పాలపిల్ల అని పెట్టారు. పాలపిల్ల వాళ్ళ కుళాయి దగ్గర నీళ్ళు తాగదు. వాళ్ళ పక్కన బస్సులో కూర్చోదు. ఒకసారి పెద్దక్క మోచెయ్యి మడతపెట్టిన దుప్పట్ల దొంతరకి తగిలితే, నలభై దుప్పట్లనీ మళ్ళీ ఉతికించింది. "వాసన పట్టేస్తుందండీ" అని సూపర్వైజరుకి చెప్పింది. ఆ నలభై ఉతికింది పెద్దక్కే.

సాయంత్రం పని దిగే వేళకి సూపర్వైజరు గోడకి కాగితం అంటించాడు. ఆడవాళ్ళందరికీ ఆరు నెలలకోసారి చేసే పరీక్ష. వచ్చే నెలలో జరగాల్సింది, ఈ గురువారానికి మార్చారు.

"ముందుకెందుకు జరిపారట?" అంది పక్కనున్న గుండుమామ్మ. జుట్టు పేనుకొరుకుడుకి రాలిపోయి ఆమెకి ఆ పేరొచ్చింది.

"చెప్పకుండా చేస్తేనే కదా దొరుకుతారు" అంది పెద్దక్క.

పరీక్ష అంటే క్షయ, చర్మరోగం అని కాగితం మీద రాస్తారు గానీ, అసలు చూసేది మూత్రం. కడుపుతో ఉన్నట్టు తేలితే పర్మిట్టు రద్దు. మూడు రోజుల్లో విమానం, టిక్కెట్టు ఖర్చు ఆ మనిషిదే. చట్టం అలాగే ఉంది. పని చెయ్యడానికి చేతుల్ని రమ్మన్నారు గానీ, ఆ చేతుల వెనక ఒక మనిషి ఉంటుందని, ఆ మనిషికో కడుపు ఉంటుందని చట్టం ఒప్పుకోదు.

సెలవు రోజు మధ్యాహ్నం పెద్దక్క కంపెనీ ఇచ్చిన బసలో తన మంచం మీద కూర్చుని తలకి నూనె రాసుకుంటోంది. ఆ గదిలో నాలుగు మంచాలు, రెండేసి ఒకదానిమీద ఒకటి. మిగతా ముగ్గురూ బజారుకి వెళ్ళారు. తలుపు దగ్గర నీడ పడితే తలెత్తి చూసింది. పాలపిల్ల.

"దారి తప్పావా తల్లీ? మీ గదులు పై అంతస్తులో కదా" అంది పెద్దక్క.

పాలపిల్ల లోపలికొచ్చి తలుపు వేసింది. నిలబడే ఉంది. గొంతు తగ్గించి, "నీకు నెలనెలా సరిగ్గా అవుతోందా అక్కా?" అని అడిగింది.

"ఏం, ఇస్త్రీ గది వాళ్ళకి ఇప్పుడు మా బట్టల లెక్క కూడా కావాలా?"

"అది కాదు. నాకు మూడో నెల." ఒక్కమాటగా అనేసి పెదవి కొరుక్కుంది. "నాకు ఐదేళ్ళు నిండడానికి నాలుగు నెలలే తక్కువ. ఆ తరవాత నన్ను ఎవరూ పంపలేరు. గురువారం గట్టెక్కితే చాలు. నీ ఒంటేలు కాస్త సీసాలో పోసి ఇస్తావా?"

పెద్దక్కకి ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు గొంతు దాకా వచ్చి చేదుగా మారింది. తన మోచెయ్యి తగిలిందని నలభై దుప్పట్లు ఉతికించిన పిల్ల.

"అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. నువ్వు వాటికంటే కింద పట్టుకున్నావే" అంది. "మీ గదిలో ఇరవైమంది ఉన్నారు. తెల్లటి ఒంటేలు దొరకలేదా?"

"వాళ్ళనడిగితే సాయంత్రానికి సూపర్వైజరుకి చేరిపోతుంది. మా గదిలో ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు."

"మా మీద ఎప్పణ్ణుంచి నమ్మకం?"

పాలపిల్ల నేల మీద కూలబడి ఏడ్చింది. సద్దు లేకుండా, నోట్లో కొంగు కుక్కుకుని. "పెళ్ళి చేసుకున్నామక్కా. రొట్టెల బట్టీలో పని చేస్తాడు. రాయించుకోడానికి మాకు హక్కు లేదు, అందుకని ఎక్కడా రాయించుకోలేదు. దీన్ని తీయించుకోమన్నాడు. నా వల్ల కాలేదు."

ఆ మాట దగ్గర పెద్దక్క చెయ్యి నూనెసీసా మీద ఆగిపోయింది.

వచ్చిన మూడో ఏడు ఆమెకీ ఇలాంటి గురువారం ఒకటి ఎదురైంది. సొంత దేశంలో చెల్లెలి దగ్గర వదిలొచ్చిన కూతురికి అప్పుడు ఆరేళ్ళు. ఆ పిల్ల చదువు, తిండి అన్నీ ఈ నలభై మీదే. కడుపులో రెండోది. ఊరి చివర ఎవరో ముసలిదాని చేత తీయించుకుని, మర్నాడు పొద్దున్న ఆరింటికి మూటలు ఎత్తింది. ఆ రోజు మొదటి తొట్టిలో వేసిన గుడ్డల్లో ఏవి ఆసుపత్రివో, ఏవి తనవో ఎవరికీ తెలియలేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

"లే, నేల చల్లగా ఉంది" అంది పెద్దక్క. పాలపిల్ల లేవకపోతే తానే వంగి లేవదీసి మంచం మీద కూర్చోబెట్టింది. ఆ పిల్ల ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. వాసన సంగతి గుర్తు రాలేదేమో. గంటసేపు అలాగే ఉండిపోయింది.

"దొరికితే నీతోపాటు నేనూ పోతాను. తెలుసు కదా?"

"తెలుసు."

"నువ్వంటే నాకు ఇప్పటికీ గిట్టదు. అది కూడా తెలుసుకో. గురువారం పొద్దున్న ఐదింటికి స్నానాల గది దగ్గరికి రా. దగ్గుమందు సీసా ఒకటి కడిగి పట్రా. రవికలో పెట్టుకో, వెచ్చగా ఉండాలి."

గురువారం క్లినిక్కులో మురికి గది వాళ్ళకీ ఇస్త్రీ గది వాళ్ళకీ వేరే వేరే వరసలు. పెద్దక్క వంతు వచ్చినప్పుడు మరుగుదొడ్డి తలుపు మూయబోతే, చేతికి తొడుగులు వేసుకున్న ఆయా కాలు అడ్డం పెట్టింది.

"తలుపు తీసే ఉంచాలి. నా ఎదురుగానే."

"ఎందుకమ్మా?"

"మీవాళ్ళు మోసం చేస్తారు. పైవాళ్ళ ఆర్డరు."

పెద్దక్క గోడకేసి తిరిగి కూర్చుంది. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి. ఆయా ఆవలిస్తూ చూస్తూ నిలబడింది. వరండాలో వ్యాన్ డ్రైవరు బీడీ కాలుస్తూ అటూ ఇటూ తిరుగుతున్నాడు. అవతలి వరసలో తలుపులు మూసుకుంటున్నాయి, తెరుచుకుంటున్నాయి. పాలపిల్ల లోపలికి వెళ్ళి, గడియ వేసుకుని, రెండు నిమిషాల్లో కప్పు పట్టుకుని బయటికొచ్చింది. తెల్లటి మొహాన్ని ఎవరూ అనుమానించలేదు.

అలా గట్టెక్కింది. రెండు నెలలు ఎవరికీ తెలియలేదు. ఎండాకాలం ముదిరాక ఒక మధ్యాహ్నం ఇస్త్రీ మర వేడికి పాలపిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. మొహాన నీళ్ళు కొట్టి, నడుముకి బిగించిన గుడ్డ విప్పిన మనిషి అక్కడే అరిచింది.

పెద్దక్కకి ఆఫీసు గదికి రమ్మని కబురొచ్చింది.

సూపర్వైజరు ఆమె లోపలికి అడుగు పెట్టగానే లేచి కిటికీ తెరిచాడు. బల్లకి ఇవతల రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో పాలపిల్ల కూర్చుని ఉంది. రెండోది ఖాళీ. పెద్దక్క నిలబడింది. పదకొండేళ్ళలో ఆ గదికి నాలుగుసార్లు వచ్చింది, నాలుగుసార్లూ నిలబడే మాట్లాడింది.

"ఐదో నెల అట" అన్నాడు సూపర్వైజరు. "రెండు నెలల కిందట పరీక్షలో లేదు. ఎలా సాధ్యం? మీ గదిలో ఎవరో దీనికి ఒంటేలు అమ్మారు. అదే ఒప్పుకుంది."

పెద్దక్క తడి చేతులు చీరకి తుడుచుకుంది.

"ఎవరే అంటే మొహం గుర్తులేదంటుంది. ఈవిడా?" అని పాలపిల్లని అడుగుతూ పెద్దక్క వైపు పెన్ను చూపించాడు.

పాలపిల్ల తల తిప్పి పెద్దక్కని నిండుగా చూసింది.

"ఏమోనండీ. నల్లగా ఉంది. వాళ్ళందరూ నాకు ఒక్కలాగే కనిపిస్తారు."

తన ఒళ్ళో తల పెట్టుకుని గంటసేపు ఏడ్చిన పిల్ల. అప్పుడు పెద్దక్క చూసింది, బల్ల కింద ఆ పిల్ల రెండు చేతులూ ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉన్నాయి. గోళ్ళు చర్మంలో దిగి ఉన్నాయి. అప్పుడర్థమైంది. దానికి అన్నీ గుర్తున్నాయి.

సూపర్వైజరు తల ఊపాడు. ఇంకో ప్రశ్న వెయ్యలేదు. ఆ అబద్ధం అతనికి అతికినట్టు సరిపోయింది, ఎందుకంటే అది అతని నిజం. అతనికీ వాళ్ళందరూ ఒక్కలాగే కనిపిస్తారు. ఒక మనిషిని కాపాడడానికి ఈ లాండ్రీలో ఇంతకంటే గట్టి మాట ఇంకోటి లేదు కదా అనుకుంటే పెద్దక్కకి మరింత రోత పుట్టింది. ఆ పిల్ల ఆ మాటని ఎన్నిసార్లు నిజంగానే అని ఉంటుందో, అంత సులువుగా నోటికొచ్చింది.

"ఇది ఎల్లుండి విమానం ఎక్కుతుంది" అన్నాడు సూపర్వైజరు. "అమ్మినదాన్ని కూడా దీంతోపాటే ఎక్కించమని పైనుంచి మాట. నిన్నెందుకు పిలిచానంటే, పదకొండేళ్ళుగా నోట్లో నాలుక లేకుండా పని చేసినదానివి. మీవాళ్ళలో నువ్వు వేరు." కాగితం ఒకటి బల్ల మీద తిప్పి పెట్టాడు. మధ్యలో ఒక గీత ఖాళీగా ఉంది. "ఇక్కడ పేరు చెప్పు, నేను రాసుకుంటా. కింద వేలిముద్ర వెయ్యి. సోమవారం నుంచి నీకు ఇస్త్రీ గదిలో పని. అరవై. ఐదేళ్ళ పర్మిట్టు."

"పేరు ఎవరిదైనా పరవాలేదాండీ?"

"ఎవరో ఒకరిది కావాలి. ఆ గుండుదాని మీద నాకెప్పట్నుంచో అనుమానం."

"గుండుమామ్మకి యాభై రెండేళ్ళండి. ముట్లుడిగి ఐదేళ్ళయింది."

"అయితే ఇంకా మంచిది, దాని ఒంటేలుకి భయమే లేదు" అని నవ్వాడు. తన హాస్యానికి పాలపిల్ల కూడా నవ్వుతుందేమోనని అటు చూశాడు. ఆమె నవ్వలేదు. "తెలీదంటావా, తొమ్మిదిమంది పర్మిట్లూ ఈ ఏడు రాయం. ఇంకో తొమ్మిదిమంది ఓడ దిగుతారు. మీవాళ్ళకేం కరువా?"

ఐదేళ్ళ పర్మిట్టు. అది నిండితే కూతుర్ని తెచ్చుకోవచ్చు. పదిహేనేళ్ళ పిల్ల ఇప్పుడు ఎలా ఉందో ఫొటోలో తప్ప తెలియదు. గీత మీద గుండుమామ్మ పేరు పడితే అంతా అయిపోతుంది. గుండుమామ్మ కూడా ఏమీ అనదు, మూట కట్టుకుని వెళ్ళిపోతుంది. అలా వెళ్ళిపోయినవాళ్ళని పెద్దక్క ఎందరినో చూసింది. గేటు దాకా సాగనంపి, వెనక్కి వచ్చి, మూటలు విప్పింది.

"నాకు తెలుసండీ" అంది.

సూపర్వైజరు పెన్ను మూత తీశాడు. "ఊ, చెప్పు."

"ఎవరిచ్చారో తెలుసు. చెప్పను."

పాలపిల్ల తల వంచేసుకుంది. సూపర్వైజరు సరిగా వినబడనట్టు ముందుకి వంగాడు. "ఏంటీ?"

"అమ్మలేదండీ. ఊరికే ఇచ్చారు. అది మాత్రం రాసుకోండి. పేరు చెప్పను, వేలు వెయ్యను."

"బయటికి నడు!"

పెద్దక్క గుమ్మం వైపు చూసింది. పొద్దున్న ఆరు నుంచి నిలబడి ఉన్న కాళ్ళు పీకుతున్నాయి. ఖాళీ కుర్చీ వీపు పట్టుకుని వెనక్కి లాగింది. దాని కాళ్ళు నేల మీద కీచుమన్నాయి. తడిసిన చీరతో, ఆసుపత్రి వాసనతో, పాలపిల్ల పక్కన కూర్చుంది.

సూపర్వైజరు జేబురుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకుని కుర్చీకేసే చూస్తున్నాడు.