కళ్ళజోడు మరిచిపోయి వచ్చాను

"కళ్ళు నెత్తిమీద పెట్టుకుని కుట్టావా?" అన్నాడు భర్త, చొక్కా ఆమె ముఖం ముందు ఆడిస్తూ. తెల్లచొక్కాకి గోధుమరంగు బొత్తాం. అతను బస్సు కండక్టరు. రోజూ వందలమంది ముఖాలు చూసి టిక్కెట్టు కొట్టే మనిషి. పాతికేళ్ళుగా పక్కనే ఉన్న ముఖాన్ని మాత్రం రెండో క్షణం చూసి ఎరగడు. "హడావిడిలో చూసుకోలేదండీ" అని నవ్వేసింది. నిజమే. కనబడితే కదా, చూసుకోవడానికి.

నాలుగేళ్ళయింది. చూపు అంచుల్నించి ముడుచుకొస్తూ ఇప్పుడు మధ్యలో గిన్నెమూతంత మిగిలింది. అదీ పొగపట్టినట్టే. ఒంటరిగా ఆస్పత్రికి వెళ్తే, కళ్ళజోడుతో బాగుపడేది కాదన్నాడు డాక్టరు. ఆ మాట ఇంటికి తీసుకురాలేదు ఆమె. తెస్తే ఏమవుతుందో తెలుసు. "ఇక గడప దాటకు" అంటాడు భర్త. పని మాత్రం తప్పదు, దాని మీద జాలి కూడా కలుస్తుంది. అందుకని కనబడుతున్నట్టు బతకడం మొదలుపెట్టింది. పొయ్యి నుంచి నీళ్ళ కుళాయికి నాలుగడుగులు, అక్కణ్ణుంచి గుమ్మానికి ఆరు. ఉప్పు డబ్బాకి రబ్బరుబ్యాండు, చక్కెరకి లేదు. వండటం, ఉతకడం, తుడవటం అందరూ చేసేవే. వాటి కింద ఈ ఇంకో పని, పొద్దున్న లేచిన దగ్గర్నించి, ఎవరికీ తెలియకుండా. ఎవరైనా స్టూలు జరిపి మళ్ళీ అక్కడ పెట్టకపోతే మోకాలు పగిలేది. అప్పుడు అత్తగారు, "మా కోడలు ఒట్టి మాలోకం, నడుస్తూ నిద్రపోతుంది" అనేవారు. ఆ పేరు చుట్టాలందరికీ పాకింది. బట్టల కంపెనీలో దారాలు కత్తిరించే ఉద్యోగం కూడా అలాగే పోయింది. ఓ గౌనుకి చెయ్యి తెగ్గోసింది. సూపర్‌వైజరు తిట్టకముందే, "ఇంట్లో పని ఎక్కువైందండీ" అని మానేసింది.

అత్తగారి గుర్తింపు కార్డులో పుట్టిన తేదీ తప్పు పడింది. సరిచేయించడానికి గ్రంథాలయం మేడమీద కంప్యూటర్ కేంద్రానికి వెళ్ళారు ఇద్దరూ. చదువు ఆగిపోయినవాళ్ళకీ, ముసలివాళ్ళకీ, ఎవరికైనా ఊరికే నేర్పే చోటు అది, ఇలాంటి దరఖాస్తులూ అక్కడే పెట్టిస్తారు. "మెట్లు నావల్ల కాదు, చదువుకున్నదానివి, నువ్వెళ్ళు" అని అత్తగారు కింద బెంచీ మీద కూలబడ్డారు.

"ఇదిగో, ఇక్కడ తేదీ మీరే కొట్టండి" అంది టీచరమ్మ.

"కళ్ళజోడు మరిచిపోయి వచ్చానండీ." వాడి వాడి అరిగిపోయిన అబద్ధం.

"నేనైతే పుట్టినప్పుడే మరిచిపోయి వచ్చాను" అని నవ్వింది టీచరమ్మ.

ఆమెకి బోధపడలేదు.

"నాకు చూపు లేదమ్మా. అది మీరు గమనించలేదంటే మీకూ అంతంతమాత్రమే అన్నమాట. కుర్చీ కోసం బల్లంతా తడిమారు, వినబడింది. ఎన్నాళ్ళయింది?"

నాలుగేళ్ళలో ఈ ఒక్క ప్రశ్నా ఎవరూ అడగలేదు. ఆమె నోరు తెరిచి "నాలుగు" అనబోయి, భోరుమంది. కింద అత్తగారు ఉన్నారన్నది కూడా మరిచిపోయి ఏడ్చింది.

కూరగాయల సంచీ పట్టుకుని వారానికి మూడురోజులు ఆ మెట్లెక్కింది తర్వాత. కీబోర్డు మీటల్లో రెండింటి మీద చిన్న గీతలుంటాయి. చూపుడువేళ్ళు అక్కడ ఆనిస్తే మిగతావన్నీ ఎక్కడున్నాయో వాటంతటవే తెలుస్తాయి. చెవుల్లో, తెరమీది అక్షరాలు చదివిపెట్టే యంత్రం గొంతు, పాఠం అప్పజెప్పే పిల్లలా, చావు కబురునీ సబ్బు ప్రకటననీ ఒకే రాగంలో చదివేది. అయితేనేం, ఒకప్పుడు నవలలు పెట్టెలకొద్దీ చదివిన మనిషి, ఇన్నాళ్ళకి ఓ పుస్తకం చివరిదాకా విన్నది. ఆ రోజు కూరగాయలు కొనడం మరిచిపోయింది. మూడో నెలలో టీచరమ్మ, "కొత్తగా ఇద్దరు వస్తున్నారు, మీరు నేర్పుతారా?" అంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కూతురు ఎనిమిది నెలల పాపతో వచ్చింది. భోజనాల దగ్గర అంతా తేల్చేశారు. రేపట్నించి కూతురు ఆఫీసుకి వెళ్తుంది, పాప ఇక్కడుంటుంది. "అమ్మ ఇంట్లో ఖాళీయేగా, కాలక్షేపం" అన్నాడు భర్త. పాప అప్పుడే పాకడం నేర్చింది. చడీచప్పుడు లేకుండా పాకుతుంది. పొయ్యి మీంచి గిన్నె దింపేటప్పుడు అది కాళ్ళ దగ్గరుందో లేదో ఆమెకి ఎలా తెలుస్తుంది?

గరిటె కింద పెట్టింది. "నేను చూడలేను."

"సొంత మనవరాల్ని చూడలేవా? అంత ఏమొచ్చింది నీకు?" అన్నాడు భర్త.

"మనవరాల్నే కాదండీ, ఎవర్నీ చూడలేను. నాకు కళ్ళు కనబడవు."

పళ్ళెంలో చేతులు ఆగిపోయాయి. ఎప్పట్నించి, డాక్టరు ఏమన్నాడు, అంతా చెప్పింది, వార్తలు చదివినంత నిదానంగా. కూతురు, "మరి ఈ వంటా, ఇల్లూ ఎలా నెట్టుకొచ్చావమ్మా?" అని వెక్కింది. అత్తగారు, "మాలోకం మాలోకం అని నోరు పారేసుకున్నానే" అని కోడలి మోచెయ్యి పట్టుకున్నారు. ఆమెకి మాత్రం విచిత్రంగా ఆకలేసింది. తడిబట్టల మూట ఎవరో నెత్తిమీంచి దించినట్టు మెడ తేలికైంది. "పాపని తీసుకురా, ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు. ఎత్తుకోవడం నాకు చేతకాకపోలేదు" అంది కూతురితో. కంప్యూటర్ కేంద్రం సంగతి కూడా చెప్పి, ఇంకో ముద్ద కలుపుకుంది.

భర్త గొంతు సవరించుకున్నాడు. "సరే, అయిందేదో అయింది. ఇక ఆ కేంద్రం గీంద్రం మానెయ్. రోడ్డు మీద ఏదైనా అయితే?"

"ఇన్నాళ్ళూ కనబడుతున్నట్టు నటిస్తూ రోడ్డు దాటానండీ, ఎలా బతికి బయటపడ్డానో నాకే తెలీదు" అంది ఆమె. "రేపట్నించి కనబడదని చెప్పి దాటుతాను."