రెండు మెట్లు కింద

హెడ్‌ఫోన్లు బిగించుకుని ఆమె ఆ చిన్న ముక్కనే మళ్లీ వెనక్కి జరిపి వింటోంది. పాట మొదలు కాకముందు ఎవరో పిల్ల, మంచినీళ్లు తెమ్మంటారా అని అడుగుతుంది. పెద్దాయన గొంతు సవరించుకుంటాడు. ఆ తర్వాత పాట. ఆరేళ్లుగా ఈ కిటికీ లేని గదిలో, ఒక కాలు ఊగే కుర్చీలో కూర్చుని ఆమె విన్నది ఇదే.

ఆమెకు నలభై దాటాయి. పొద్దున పిల్లలకు పాట నేర్పి, మధ్యాహ్నం సంగీత విభాగానికి వస్తుంది. నడుస్తున్నా, అన్నం తింటున్నా గొంతులో ఏదో స్వరం సన్నగా మోగుతూనే ఉంటుంది కాబట్టి ఇక్కడ అందరూ ఆమెను శ్రుతిపెట్టె అంటారు. కోడలూ మనవడూ ఎవరు ముందు చదువు ముగిస్తారో చూడాలని ఉందని అత్తగారు వచ్చినవాళ్లందరితో చెబుతుంది. ఆ ముచ్చట ఈ రోజుతో తీరిపోవాలి. సాయంత్రం ఆఫీసు మూసేలోగా గైడ్ సంతకంతో పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం అందజేయాలి. ఆయన ఉద్యోగానికి ఇదే ఆఖరి రోజు. ఇది తప్పితే గడువు పొడిగించే ప్రసక్తే లేదని ఆఫీసువాళ్లు తేల్చి చెప్పారు.

అట్టలు వేసిన ప్రతులు పక్కనే ఉన్నాయి. వాటి సారాంశం ఒక్కటే: వయసు మీదపడితే గాయకులు శ్రుతి దించుకుంటారు, ఈ పెద్దాయన మాత్రం పెంచుకున్నాడు. గైడ్ ఆ పెద్దాయన శిష్యుడే. ఈ రికార్డింగు ఆధారంగా ఈ సంగతి మొదట చాటిందీ, దాంతో పేరు తెచ్చుకున్నదీ ఆయనే.

నిన్న ఆమె ఒక ప్రతి తీసుకుని, చనిపోయిన ఆ పెద్దాయన భార్య దగ్గరికి వెళ్లింది. రికార్డింగు కూడా వినిపించి, మంచినీళ్ల మాట అన్నది పక్కింటి పిల్లేనా అని మాటవరసకు అడిగింది. ముసలావిడ అయోమయంగా చూసింది.

"పిల్లలెవరూ లేరమ్మా. తలుపులన్నీ వేసుకుని పాడారు. ఆ మాటన్నది నేనే. అప్పుడు నా గొంతు ఇలా ఉండేదా?"

అప్పటికే యాభై దాటిన మనిషి గొంతు చిన్నపిల్ల గొంతయిందంటే, ఆ వెనకే పాడిన పాటా అంతే పైకి లేచి ఉండాలి. ఆమెకు రాత్రి కంటిమీద కునుకు లేదు. ఇప్పుడు రికార్డింగు వేగాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ వచ్చింది. శ్రుతి సరిగ్గా రెండు మెట్లు దిగేసరికి ఆ పిల్ల పెద్దదై, నిన్నటి ముసలావిడ పోలిక వచ్చింది. పెద్దాయన గొంతు బరువెక్కింది. పై స్వరం అందక వణికింది, ఊపిరి కోసం పాట మధ్యలో ఆగింది. ఆమె అట్టలు వేసిన ప్రతులను దూరంగా జరిపింది.

ఎంతకీ సంతకానికి రాలేదని గైడే విసుక్కుంటూ పైకి వచ్చాడు. ఆమె తడబడుతూ జరిగింది చెప్పింది.

"ఎవరు పట్టుకుంటారమ్మా? చదివేది ముగ్గురు. అందులో ఇద్దరు నా శిష్యులే."

"నేను పట్టుకున్నాను కదండీ. ఇది ఇవ్వలేను."

ఆయన ముఖం కందిపోయింది. ఆరేళ్లు చేతులారా నాశనం చేసుకుంటున్నావనీ, రేపటినుంచి నేనెవరో నువ్వెవరో అనీ గొంతు పెంచాడు. ఆమె హెడ్‌ఫోన్లు ఆయన ముందు పెట్టింది. తీసుకోడేమో అనుకుంది. ఆయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

మంచినీళ్ల మాట దగ్గర ఆయన తల చటుక్కున పైకి లేచింది. శిష్యరికంలో ఏళ్లతరబడి ఆయనకు అన్నం పెట్టిన గురుపత్ని గొంతు అది. పాట అయిపోయాక హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ రోజు టేపురికార్డరు తీసుకెళ్లింది నేనే," అన్నాడు. "బ్యాటరీలు అయిపోవచ్చాయని తెలుసు. చక్రం ఈడుస్తూ తిరిగింది. దుకాణం దాకా వెళ్లడానికి బద్ధకించాను."

ఈడుస్తూ నింపుకున్న టేపు, మంచి యంత్రం ఎక్కితే పరిగెత్తి, గొంతును పైకి లేపదా మరి!

"గురువుగారు చివర్లో ఇలాగే పాడేవారమ్మా. చాలా కష్టపడేవారు. నేను నా చెవుల్ని వదిలేసి టేపును నమ్మాను."

లేచి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు. కింద హాల్లో వీడ్కోలు సభకు కుర్చీలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన కోసం ఎవరో రెండుసార్లు పిలిచారు, తర్వాత వెతికారు. వెనక గుమ్మం నుంచి బయటికి పోవడం చూశామని ఇంకెవరో అన్నారు.

ఆమెకు ఏడుపొచ్చింది. పొద్దుటినుంచి ఏమీ తినలేదేమో, దానికి మించి ఆకలి వేసింది. ఆఫీసు తలుపులు మూసే వేళయినా లేవలేదు. బల్ల మీద ఆయన కళ్లద్దాలు కాడలు మడవకుండా, గోడవైపు తిరిగి ఉన్నాయి.