పెట్టె తప్పు కాదు

"కాల్చుకుంది! టీ, టీ!" అని బల్లకు అటువైపు నుంచి కేక వినిపించింది.

ఆ హోటల్ లాండ్రీలో ఇస్త్రీ బల్లల దగ్గర అదొక ఆనవాయితీ. ఎవరి చెయ్యి చురుక్కుమంటే వాళ్ళకి మిగతా ఆడవాళ్ళు టీ తెప్పిస్తారు. ఏడవబోయే మనిషిని నవ్వించడానికి ఎప్పుడో ఎవరో మొదలుపెట్టిన సరదా. వేడికి ఒళ్ళంతా చెమటతో ముద్దైపోయిన మధ్యాహ్నం, ఆ గ్లాసు చుట్టూ చేరే నవ్వులు నిజంగానే హాయి. టీ మీద మీగడ తేలితే అదెవరిదని కూడా తగువులాడుకుంటారు.

"మొన్ననేగా కాల్చుకున్నావు! టీ కోసమే కాల్చుకుంటున్నావేమిటే?" అంది ఆవిరక్క. కోపమొస్తే బుస్సుమని, అంతలోనే చల్లారిపోతుంది కాబట్టి ఆవిడకా పేరు.

అందరూ నవ్వారు. కాల్చుకున్న చిన్నది కూడా నవ్వింది. నలభైకి దగ్గర పడుతున్నా, ఆ బల్ల దగ్గర అందరికన్నా ఆఖరున చేరింది కాబట్టి ఆమె వాళ్ళకి చిన్నదే. టీ మాత్రం తాగకుండా పక్కన పెట్టింది. చేతిమీది ఆ మచ్చ ఇస్త్రీపెట్టె జారి పడింది కాదు. అంతకుముందువీ కావు.

ఎందుకని అడిగితే చెప్పుకోదగ్గ కారణం ఆమెకే దొరకదు. మొగుడు కొట్టడు. ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తెల్లవారకముందే లేచి మంచాన పడ్డ అత్తగారికి పక్క మార్చడం, ఇక్కడ రోజంతా నిలబడటం, ఇంటికెళ్ళి మళ్ళీ నిలబడటం. ఎక్కడో ఒకచోట లోపలంతా మొద్దుబారిపోతుంది. తర్వాత తన చేతిని తనే చూసుకోలేనంత సిగ్గు. ఒకసారి మొగుడికి చెప్పింది. అతను "ఎవరితోనూ అనకు, నవ్విపోతారు" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. దుప్పటి కూడా కప్పాడు.

ఇవాళ మొదటిసారి ఆమెకి తనంటేనే భయం వేసింది. పూట కూలి కోస్తారని తెలిసీ ఆవరణ చివరనున్న డిస్పెన్సరీకి బయలుదేరింది. వద్దన్నా వినకుండా ఆవిరక్క వెంట నడిచింది.

నర్సు తల ఎత్తకుండానే దూది తడిపింది. "ఇస్త్రీయేనా?"

"ఇస్త్రీయే సిస్టరుగారూ" అంది ఆవిరక్క. "మొగుణ్ణి తలుచుకుంటూ చొక్కాలు ఇస్త్రీ చేస్తే ఇంతే మరి."

నర్సు నవ్వింది. మందు చల్లగా తగిలింది. "కాస్త చూసుకుని చెయ్యాలమ్మా. ఇక వెళ్ళు."

ఇన్నిసార్లూ ఇంతే జరిగింది. అబద్ధం ఆమె ఆడనక్కర్లేదు, ఎవరో ఒకరు ఆడిపెడతారు.

"పెట్టె తప్పు కాదండీ" అంది చిన్నది. "నేనే."

"నువ్వేమిటి?"

"నేనే చేసుకుంటున్నాను. చాలాకాలంగా. మానేద్దామంటే నావల్ల కావడంలేదు. ఇలాంటివాటికి డాక్టర్లుంటారటగా. నన్నక్కడికి పంపండి."

ఆవిరక్క ముఖం పాలిపోయింది. "ఏం మాటలే అవి! ఎండన పడి వచ్చింది సిస్టరుగారూ, తల తిరిగి ఏదో వాగుతోంది." గబుక్కున చెవి దగ్గరికి వంగింది. "సూపర్‌వైజరుకి తెలిస్తే నిన్నిక పెట్టె ముట్టుకోనిస్తాడుటే? ఏం తిని బతుకుతావు?" ఇన్నాళ్ళూ తను తెప్పించిన టీలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చినట్టున్నాయి.

నర్సు ఇప్పుడు తలెత్తి చూసింది. "మనసుకి చూసే డాక్టరు ఇక్కడ లేరమ్మా. పెద్దాసుపత్రికి పంపాలంటే ముందు మీ హోటలుకి చెప్పాలి. ఇక్కడి పద్ధతి అది." కాస్త గొంతు తగ్గించింది. "ఆలోచించుకుని రా. తొందరేముంది?"

"ఇంటికెళ్ళాలంటే భయంగా ఉందండీ."

"అయితే చెప్పెయ్యనా వాళ్ళకి?"

"వద్దు" అంది చిన్నది. అంతలోనే, "చెప్పండి. ఏమో, నాకు తెలీదు. నన్నొక్కదాన్నీ మాత్రం పంపెయ్యకండి."

నర్సు బీరువాలో ఉన్నవన్నీ పైకి కనిపించే గాయాలకు మందులు. ఆమె తలుపువైపు తిరిగి, "తర్వాతివాళ్ళు రండి" అంది అలవాటుగా.

వేలికి గుడ్డ చుట్టుకున్న వంటవాడొకడు లోపలికొచ్చాడు. గదిలో ఉన్నది ఒక్కటే స్టూలు.

"లేవ్వే" అని ఆవిరక్క భుజం పట్టుకుంది.

"లేమ్మా, ఆయన్ని కూర్చోనీ" అంది నర్సు.

"లేవను" అంది చిన్నది.

గట్టిగా కూడా అనలేదు. రెండు చేతులతో స్టూలు అంచులు పట్టుకుంది. వంటవాడి వేలినుంచి గచ్చుమీద ఒక చుక్క రాలింది. ముగ్గురూ నర్సుకేసి చూస్తున్నారు. నర్సు బల్లమీది ఫోనుకేసి చూస్తోంది. చెయ్యి ఇంకా చాచలేదు.