నొక్కక్కర్లేని పెన్ను

మరిగే నీళ్లలో పెన్ను వెయ్యకూడదని నాకెవరైనా చెప్పారా? ఎండిపోయిన సిరా వేడికి కరిగి చావదా అనుకుని, ఫ్లాస్కులో నీళ్లు స్టీలు గ్లాసులో పోసి ముంచాను. నల్లగా నిగనిగలాడే నాన్న పెన్ను కాస్తా బురదరంగుకు తిరిగింది. లోపలి సిరా కరగలేదు సరికదా, మెడ దగ్గర మర వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చావక్కా," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్. గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నవాడికి మాటలొకటి!"

ఆస్పత్రి గదిలో గట్టిగా అరవకూడదని తెలుసు. మంచం మీద నాన్న కళ్లు మూసుకునే నవ్వాడు. ఆ నవ్వుకు చప్పుడు లేదు. మొదటి ఆపరేషన్‌లో రోగంతోపాటు గొంతునీ తీసేశారు. ఇప్పుడు రోగం మళ్లీ తిరగబెట్టింది. రెండో ఆపరేషన్ చేస్తే ఇంకొన్నాళ్లు ఉంటాడేమో, చేసినా ఉండడేమో. చేయించుకునేదీ లేనిదీ సాయంత్రం డాక్టరు వచ్చేసరికి చెప్పాలి.

నేను చేయించాలంటాను. తమ్ముడు వద్దంటాడు, ఇంకా కోయించి ఆయన్ని ఏడిపించకు అంటాడు. మరి నాన్న? "చేయించుకుంటావు కదా నాన్నా?" అని నేనడిగితే తలూపుతాడు. "వద్దు కదా నాన్నా?" అని వాడడిగితే దానికీ తలూపుతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పిల్లలిద్దరి మధ్యా అలా ఇరుక్కుపోయాడు పాపం. ప్రాణం ఆయనది, పట్టుదలలు మావి!

రాసి చెప్పమందామా అంటే చేతిలో పిడికెడు బలం లేదు. బాల్‌పెన్ను ఇస్తే కాగితం మీద గీత కూడా పడలేదు. నొక్కితేగా పడేది! ఫోనిస్తే ఆ వణుకుకు ఒక అక్షరం బదులు మరొకటి తగిలి, విసుగెత్తి పక్కన పడేశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఈ పెన్ను. నాన్న ప్రెస్సులో ప్రూఫ్‌రీడరుగా పనిచేసినన్నాళ్లూ దీంతోనే దిద్దాడు. దీన్ని నొక్కక్కర్లేదు, కాగితానికి ఆనిస్తే చాలు, అదే రాస్తుంది. పొద్దున్నే ఇంటికి పరిగెత్తి, గడ్డం గీసుకునే పెట్టె అడుగు నుంచి దాన్ని తవ్వి తీశాను.

మధ్యాహ్నం బజారులో పెన్నులు బాగుచేసే ఆవిడ దగ్గరికి పోయాను. ఆవిడ కొట్టు నిండా ఇప్పుడు ఫోన్ కవర్లే. ఓ మూల మాత్రం మామగారి నాటి పెన్నుల బల్ల ఉంది. నా పెన్ను చూడగానే ఆవిడ మొహం చిట్లించింది.

"వేడినీళ్లలో వేశావా తల్లీ? ఇదేమన్నా గుడ్డా, ఉడకబెట్టడానికి?"

"తెలియక వేశానండీ. బాగవుతుందా, అవదా?"

"రంగు పోయింది, అది రాదు. పెన్ను బతుకుతుంది. చన్నీళ్లలో నానాలి, రేపు రా."

"రేపా! నాకు సాయంత్రానికల్లా కావాలండీ!"

"నీకు కావాలని సిరా నానుతుందా?"

నానుతుందో లేదో నేను మాత్రం కదల్లేదు. సంగతంతా చెప్పాను. ఆవిడ గిన్నెలో చల్లని నీళ్లు పోసి, నాలుగు చుక్కలు సబ్బునీళ్లు కలిపి పెన్ను వేసింది. నేను కూర్చున్నాను. లేచాను. కవర్లన్నీ తిరగేశాను. గిన్నెలో వేలు పెట్టబోతే చేతి మీద ఒక్కటిచ్చింది. "కాలుగాలిన పిల్లిలా తిరక్కు, నాకు కళ్లు తిరుగుతున్నాయి," అంది.

చివరికి రబ్బరుముక్క చుట్టి మెల్లగా తిప్పితే మర వదిలింది. అబ్బ, నా ప్రాణం లేచొచ్చింది! పాళీనీ దాని కింది నాలుకనీ బయటికి లాగి కడుగుతుంటే నీళ్లు ఎర్రబడ్డాయి. నాన్న వాడింది ఎర్రసిరాయే మరి. ఎందరు రాసిన ఎన్ని తప్పులు దిద్దాడో, కడిగినకొద్దీ వస్తూనే ఉంది. పాళీ చీలికలో పల్చటి రేకు దూర్చి మురికి లాగింది. వంకరపోయిన మొనని గోటితో సర్దింది. మరకి కాస్త మైనం రాసి బిగించి, నీలంసిరా పోసింది. తలకిందులు చేసి చూపించింది, విదిలించి చూపించింది. ఒక్క చుక్క రాలలేదు. కాగితం మీద ఆనించగానే గీత నూనెలా సాగింది. "ఇక కారమన్నా కారదు," అంది.

ఆటోలో వస్తున్నంతసేపూ మనసులో ఒకటే మాట. చేయించుకుంటానని రాయి నాన్నా, నీకు దండం పెడతా, ఆ ఒక్క మాట రాయి.

నాన్న పెన్నుని చూసి, రంగు పోయిన ఒంటి మీద బొటనవేలితో రుద్ది, నా వంక చూశాడు. "అవును, నేనే ఉడకబెట్టా," అన్నాను. నవ్వాడు. కానీ రాయబోతే రెండక్షరాలకే చెయ్యి వాలిపోయింది. తమ్ముడికి జాలేసింది. తనే పెద్ద అక్షరాలతో 'ఆపరేషన్ వద్దు' అని రాసి అట్ట మీద పెట్టాడు.

"నాన్నా, ఇదే నీ మాటైతే వదిలెయ్. కాకపోతే 'వద్దు' కొట్టెయ్. నీకు శ్రమ ఉండదు."

నాన్న నన్ను చూశాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలుసు, దాచుకోవడం నాకు పుట్టుకతోనే రాదు. పెన్ను కదిలింది. 'వద్దు' మీద అడ్డంగా గీత పడింది.

"చూశావా!" అని ఎగిరాను.

తమ్ముడు మొహం తుడుచుకున్నాడు. "సరే అక్కా. నాన్న మాటే నా మాట," అని డాక్టరు కోసం గుమ్మం దాకా వెళ్లాడు.

నాన్న పెన్ను ఇంకా ఎత్తలేదు. కొట్టేసిన మాట కిందికి దించాడు. ఒక చుక్క. కాస్త జరిపి ఇంకోటి. ఊపిరి పీల్చుకుని మరోటి.

"అయ్యో, కారుతోంది," అన్నాడు తమ్ముడు వెనక్కి వస్తూ. "ఆవిడ రిపేరు ఇంతేనన్నమాట."

కారడం లేదు. నాన్న ఇంట్లో ప్రూఫులు దిద్దే రోజుల్లో వాడు వీధిలో ఆడుకునేవాడు, నేను పక్కన కూర్చుని రాతప్రతి పైకి చదివేదాన్ని. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, ఆ కొట్టివేత చెల్లదని, మాటను ఉన్నదున్నట్టు ఉంచమని ప్రెస్సువాళ్లకు చెప్పడం. ఆ గది మొత్తంలో ఆ సంగతి తెలిసింది నాన్నకీ నాకూ మాత్రమే. గీత నాకోసం గీశాడు. చుక్కలు తనకోసం పెట్టుకున్నాడు.

డాక్టరు వచ్చి నిలబడ్డాడు. "ఏమంటున్నారు?"

"చేయించుకుంటారటండీ," అన్నాడు తమ్ముడు.

నేను నోరు విప్పకపోతే అవి వట్టి మరకలు. నాన్న నాకు ఇంకొన్నాళ్లు ఉంటాడు. అవునండీ, అనే మాట పెదాల దాకా వచ్చింది. నాన్న నన్ను తొందరపెట్టలేదు, బతిమాలలేదు. నేను తప్పు చదివితే ఆగి, సరిగ్గా చదివేదాకా చూసేవాడు చూడండి, అలా చూస్తున్నాడు.

"కాదండీ," అన్నాను. "వద్దంటున్నాడు."

"అదేంటక్కా! నీ ఎదురుగానే కొట్టేశాడు కదా!"

"చుక్కలు పెట్టాడురా," అన్నాను ఏడుపు ఆపుకోలేక. "నేను చదవగలనని తెలిసే పెట్టాడు."